మారువేషం లేని ప్రేమలు: తొలి టాకీల్లో అంతస్తు లెక్కలు

పుత్తూరు దగ్గర నారాయణవనంలో కళ్యాణ వేంకటేశ్వరుడి గుడికి పోతే అక్కడొక పెద్ద రాతి తిరగలి చూపిస్తారు. పద్మావతమ్మ పెళ్లికి పసుపు విసిరింది దీంతోనే అంటారు. ఆ పెళ్లి కథ తెలియని ఇల్లు తిరుపతి చుట్టుపక్కల ఉండదు. వేటకొచ్చిన ఒక కుర్రాడు తోటలో ఆకాశరాజు కూతుర్ని చూస్తాడు. నీదే ఊరు, నువ్వెవరు అంటే తిన్నగా జవాబు చెప్పడు. చెలికత్తెలు రాళ్లు రువ్వితే గుర్రం చచ్చిపోతుంది. కాలినడకన కొండెక్కి, ముసుగు తన్ని పడుకుంటాడు. పెంచిన తల్లి వకుళమ్మ సంబంధం అడగడానికి బయల్దేరుతుంది. ఆలోగా కుర్రాడే ఎరుకలసాని వేషం కట్టి, కోటలోకి వెళ్లి సోది చెబుతాడు. పిల్ల మనసులో ఎవరున్నారో తల్లి ధరణీదేవికి అలా తెలుస్తుంది. తీరా పెళ్లి కుదిరాక చేతిలో కాసు ఉండదు. కుబేరుడి దగ్గర అప్పు చేసి పెళ్లి చేసుకుంటాడు. ఆ వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నాడు కాబట్టి వడ్డికాసులవాడని పేరు.

భక్తి కాసేపు పక్కన పెట్టి దీన్ని మామూలు పెళ్లి సంబంధంలా చూస్తే ఎలా ఉంటుంది? అబ్బాయికి సొంత ఇల్లు లేదు. కొన్నాళ్లు పుట్టలో ఉన్నాడు, తర్వాత వరాహస్వామి ఇచ్చిన జాగాలో తలదాచుకున్నాడు. ఆస్తి సున్నా, పైగా పెళ్లి ఖర్చుకే అప్పు. అమ్మాయి చూస్తే రాజుగారి బిడ్డ. ఏ పెళ్లిళ్ల పేరయ్యా ఈ సంబంధం తలకెత్తుకోడు. అయినా కథ వింటున్నప్పుడు ఎవరికీ టెన్షన్ ఉండదు. వచ్చినవాడు ఎవరో వినేవాళ్లకు ముందే తెలుసు. వాడి పేదరికం ఒక వేషం, ఎరుకలసాని చీర ఇంకో వేషం. ఎప్పుడో ఒకప్పుడు రెండూ తీసేస్తాడు.

పి.పుల్లయ్య 1939లో ఈ కథను సినిమాగా తీశారు. సి.యస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి. బాలాజీ అనే పేరుతో జనం గుర్తుపెట్టుకున్న ఆ బొమ్మ వచ్చేనాటికి తెలుగు టాకీకి ఏడేళ్ల వయసు. సరిగ్గా అదే సమయంలో మద్రాసులో ఇంకో రకం ప్రేమకథలు తయారవుతున్నాయి. వాటిలో పేదవాడు నిజంగానే పేదవాడు, పనిమనిషి నిజంగానే పనిమనిషి. తీసేయడానికి వేషం లేదు. మరి ఆ ప్రేమను పెళ్లిదాకా ఎలా తీసుకెళ్లాలి? తొలి సాంఘిక చిత్రాల కథలన్నీ ఈ ప్రశ్న దగ్గర ఆగి, తలోదారీ వెతుక్కున్నాయి. ఆ దారులు చూస్తే అప్పటి సమాజం ఎంతవరకు జరగడానికి ఒప్పుకుందో తెలుస్తుంది.

వేషాలతో నడిచిన తొలి రోజులు

హెచ్.ఎం.రెడ్డి తీసిన భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లు దాదాపు అన్నీ పురాణాలే. కారణం భక్తి ఒక్కటే అనుకుంటే పొరపాటు. అప్పటికి మద్రాసులో తెలుగు టాకీ తీయడానికి స్టూడియో లేదు. బొంబాయికో, కలకత్తాకో, కొల్హాపూరుకో నటుల్ని రైలెక్కించి తీసుకెళ్లాలి. అంత ఖర్చు పెట్టేవాడు జనానికి తెలిసిన కథ, నటులకు నోటికొచ్చిన పద్యాలు ఉన్న నాటకాన్నే పట్టుకుంటాడు. 1934లో వేల్ పిక్చర్స్ మద్రాసులో స్టూడియో పెట్టి సీతాకళ్యాణం తీశాకే పరిస్థితి మారడం మొదలైంది.

ఈ పురాణాల్లో అంతస్తు తేడాలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. కానీ అన్నీ తాత్కాలికం. హరిశ్చంద్రుడు కాటికాపరి అవుతాడు, మళ్లీ సింహాసనం ఎక్కుతాడు. సీత అడవికి పోయినా రాణే. పైగా రాజూ కాటికాపరీ ఒకే గ్రాంథికంలో, ఒకే రాగంలో పద్యం పాడతారు. మాట వినబడే సినిమా వచ్చినా మాటలో తేడా వినబడలేదు. మూకీలో బట్టలు చూసి మనిషి స్థాయి పోల్చుకునేవాళ్లు, తొలి టాకీలోనూ దాదాపు అంతే.

పక్కనే ఉన్న తమిళ సినిమా సంగతి చిత్తూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ జిల్లాలో రెండు భాషల బొమ్మలూ చూసే అలవాటు పాతదే. 1937లో ఎల్లిస్ డంకన్ తీసిన అంబికాపతిలో త్యాగరాజ భాగవతార్ కంబ మహాకవి కొడుకు. చోళరాజు కూతుర్ని ప్రేమిస్తాడు. శృంగారం మాటెత్తకుండా వంద పద్యాలు చెప్పాలని రాజు పందెం పెడతాడు. లెక్కలో ఒకటి తప్పి కుర్రాడి తల పోతుంది. కవి ఎంత గొప్పవాడైనా రాజుకు అల్లుడు కాలేడు. ఇక్కడ వేషం లేదు కాబట్టి చావు వచ్చింది. వేషం లేని ప్రేమకు సినిమా కనిపెట్టిన మొదటి ముగింపు అదే. చాలాకాలం అదే సులువైన ముగింపు కూడా.

తెలుగులో మొదటి సాంఘిక చిత్రంగా చెప్పుకునే ప్రేమవిజయం 1936లో వచ్చింది. కృత్తివెంటి నాగేశ్వరరావు తీశారు. పేరులోనే విజయం ఉన్నా ఆ బొమ్మ ఆడలేదు. అసలు కదలిక 1938లో.

ఒకే ఏడాది, రెండు బొమ్మలు

1938లో వచ్చిన మాలపిల్లని ఇప్పటికీ అందరూ సంస్కరణ చిత్రమని పొగుడుతారు. ప్రేమకథగా దాన్ని విడదీసి చూసేవాళ్లు తక్కువ. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, గుడిపాటి వెంకటచలం కథ, తాపీ ధర్మారావు మాటలు. కల్యాణపురం అనే ఊళ్లో సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజు, మాలవాడ పిల్ల శంపాలత ప్రేమించుకుంటారు. నాగరాజుగా గాలి వెంకటేశ్వరరావు, శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు వేశారు. ఊళ్లో వీలుకాక ప్రేమికులు కలకత్తా పోతారు. ఆ అమ్మాయి అక్కడ చదువు నేర్చుకుంటుంది. ఇక్కడ ఊళ్లో అగ్నిప్రమాదం జరిగి, శాస్త్రి భార్యను ఒక హరిజన యువకుడు ప్రాణాలకు తెగించి కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది.

దీనికి రెండేళ్ల ముందు, 1936లో, బాంబే టాకీస్ వాళ్లు అఛూత్ కన్య తీశారు. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్. అందులోనూ బ్రాహ్మణ కుర్రాడు, అంటరాని పిల్ల. అశోక్ కుమార్, దేవికారాణి. ఆ అమ్మాయి చివరికి రైలు పట్టాల మీద ప్రాణం వదిలేస్తుంది. దేశమంతా కన్నీళ్లు పెట్టుకుంది. కన్నీళ్లతో పాటు కొంత ఊపిరి కూడా పీల్చుకుని ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లకు పెళ్లి చేసే బాధ్యత రైలే తీసేసుకుంది. మాలపిల్లలో నాయిక చావదు. 1938లో ఇది చిన్న విషయం కాదు. అంబికాపతి తల ఇచ్చుకున్న మరుసటి ఏడే తెలుగు తెర మీద వేషం లేని ప్రేమ బతికి బట్టకట్టింది.

అయితే బతకడానికి కట్టిన ధర చూడాలి. శంపాలత కలకత్తా పోయి చదువుకుని, నలుగురిలో మెలిగే తీరు నేర్చుకుని రావాలి. నాగరాజు మాలవాడ నుంచి నేర్చుకోవలసింది మాత్రం కథలో ఏమీ లేదు. కింద ఉన్నవాళ్లు మెట్లెక్కాలి, పైనున్నవాళ్లు పెద్దమనసు చేసుకోవాలి. ఆ పెద్దమనసు కూడా ఊరికే రాదు. ఒక ప్రాణం కాపాడి మరీ సంపాదించుకోవాలి. శాస్త్రి న్యాయం తెలిసి మారాడా, రుణపడి మారాడా అంటే రెండోదే ఎక్కువ నిజం. ఇక్కడ మళ్లీ వడ్డికాసులవాడి కథ గుర్తుకొస్తుంది. పెళ్లి కావాలంటే ఎవరో ఒకరు అప్పు పడాలి. అక్కడ పెళ్లికొడుకు కుబేరుడికి పడ్డాడు, ఇక్కడ పెళ్లికొడుకు తండ్రి మాలవాడకు పడ్డాడు.

ఇంకో విచిత్రం నిర్మాతలది. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. అదే సంస్థ మరుసటి ఏడు జమీందారీ వ్యవస్థ మీదే రైతుబిడ్డ తీసింది. బళ్లారి రాఘవ అందులో నటించారు. దానికి మాత్రం జమీందార్ల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది, నిషేధం దాకా పోయింది. అడ్డుపడ్డవాళ్లలో వెంకటగిరి సంస్థానం పేరు ముందుంటుంది. ఆ వెంకటగిరి ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. కులం దాటి ప్రేమించుకుంటే ఊళ్లో గొడవ, సినిమా మాత్రం ఆడింది. భూమి లెక్క అడిగితే సినిమాకే గండం వచ్చింది. అంటే ప్రేమ ద్వారా అంతస్తు గురించి మాట్లాడటం అప్పట్లో కాస్త క్షేమమైన దారి. దర్శకులు ప్రేమకథల్ని పట్టుకోవడానికి ఇదొక కారణమని అనుకోవచ్చు.

అదే 1938లో వచ్చిన రెండో బొమ్మ గృహలక్ష్మి. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. డాక్టరు, అతని మంచి భార్య, మధ్యలో వచ్చే వగలాడి. కథగా చూస్తే రంగస్థలం మీద అప్పటికే అరిగిపోయిన సరుకు. చింతామణి నాటకం ఆంధ్రదేశమంతా తిరిగింది. వేశ్య ఇంటికి పోయి ఇల్లు గుల్ల చేసుకునే మగవాడి కథ జనానికి కంఠతా వచ్చు. ఆ నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర మీద వైశ్యుల అభ్యంతరం ఎంత దూరం పోయిందంటే 2022లో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. వందేళ్ల నాటకం మీద అంత కోపం మిగిలి ఉందంటే అందులో నవ్వు ఏ కులం మీద పడిందో జనం మరిచిపోలేదన్నమాట. గృహలక్ష్మి విశేషం కథలో లేదు. అందులో గోపీనాథ్ అనే సంస్కర్త వేషంతో తెరకు పరిచయమైన నటుడిలో ఉంది. ఆయనే చిత్తూరు నాగయ్య.

చిత్తూరు నుంచి వచ్చిన ముఖం

నాగయ్య పుట్టింది 1904లో, గుంటూరు జిల్లా రెంటచింతలలో. పెరిగింది, పాటతో నాటకంతో పేరు తెచ్చుకుంది చిత్తూరులో. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు కూడా వేశారు. సారంగధరలో చిత్రాంగి ఆయనే. సవతి కొడుకును కోరుకునే రాణి పాత్ర అది. కోరిక, హోదా, పరువు మూడూ ఒకే ఒంట్లో కొట్టుకునే ఆ వేషం వేసినవాడికి, తర్వాత తెర మీద దక్కిన పాత్రలు కొత్తగా తోచి ఉండవు.

నాగయ్య ముఖంలో ఒక సౌకర్యం ఉంది. చదువుకున్నవాడిలా కనిపిస్తారు, తప్పు చేస్తే లోపల కుమిలిపోతున్నట్టు కూడా కనిపిస్తారు. బి.ఎన్.రెడ్డికి కావలసింది అలాంటి మనిషే. పులివెందుల ప్రాంతం నుంచి వచ్చిన బి.ఎన్.రెడ్డి, తాడిపత్రి మూలా నారాయణస్వామి పెట్టుబడి, చిత్తూరు నాగయ్య. వాహినీ సంస్థలో సీమ పాలు ఇంతుంది. కథలు మాత్రం పల్లె నుంచి పట్నం పోయిన మధ్యతరగతివి.

వాహినీ మొదటి బొమ్మ వందేమాతరం, 1939. చదువుకుని ఉద్యోగం దొరకని రఘు పేదింటి జానకిని చేసుకుంటాడు. కట్నం రాలేదని తల్లికి మంట. రఘు పట్నం పోతాడు, ఉద్యోగం రాదు, లాటరీ తగులుతుంది. డబ్బుతో తిరిగొస్తే భార్య ఇంట్లో ఉండదు. ఆమె అదే పట్నంలో పూలమ్ముకుంటూ బిడ్డను సాకుతుంటుంది. మొగుడు కారులో, పెళ్లాం పూలబుట్టతో. ఒకే మంగళసూత్రం కింద రెండు వర్గాలు తయారయ్యాయి.

ఈ లాటరీని చూసి ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆలోచిస్తే లాటరీ అంటే ఆ కాలపు కుబేరుడే. దేవుడు తీసేసే వేషం లేదు కాబట్టి, పేదవాణ్ని ధనికుణ్ని చేయడానికి కథకు ఇంకో మహిమ కావాలి. డిగ్రీ చేతిలో ఉన్నా ఉద్యోగం లేని 1930ల కుర్రాడికి కష్టపడి పైకొచ్చే దారి చూపిస్తే చూసేవాళ్లు నమ్మరు. అందరూ చుట్టుపక్కల చూస్తున్నారు కదా. లాటరీ అయితే నమ్మక్కర్లేదు, ఒప్పుకుంటే చాలు. ఆ డబ్బుతో రఘు ఫ్యాక్టరీ పెట్టి నిరుద్యోగులకు పని ఇస్తాడు. అదృష్టంగా వచ్చిన సొమ్ముకు మర్యాద తేవడానికి అదొక పద్ధతి. బి.ఎన్.రెడ్డి తెలివి ఎక్కడుందంటే, డబ్బు రావడంతో కథ ముగించలేదు. డబ్బు వచ్చాకే అసలు దూరం మొదలైంది.

1940లో సుమంగళి వితంతు వివాహం గురించి. చదువుకున్న సరస్వతికీ, పల్లెటూరి పార్వతికీ మధ్య సత్యం. పార్వతి బాలవితంతువు, సత్యం మీద ఆశ పెట్టుకుంటుంది, చివరికి ప్రాణం తీసుకుంటుంది. రైలు లేదన్న మాటే గానీ అఛూత్ కన్య ముగింపే ఇది.

పనిపిల్ల కథ, పాళెగాడి కథ

అంతస్తు సంగతిలో వాహినీ బొమ్మలన్నింటికంటే పదునైనది 1941 నాటి దేవత. ఇంగ్లండులో చదివొచ్చిన బారిస్టరు వేణుగోపాలమూర్తి. ఇంట్లో పనిచేసే లక్ష్మి. అతను నాగయ్య, ఆమె కుమారి. పెళ్లి చేసుకుంటానన్న మాట మీద ఆమెను దగ్గర చేసుకుంటాడు. ఇంట్లో పెద్దింటి సంబంధం చూస్తారు. గర్భంతో ఉన్న లక్ష్మి ఇల్లు వదిలిపోతుంది. కథ మిగతాదంతా అతను ఆమెను వెతికి, తప్పు ఒప్పుకోవడం.

ఇలాంటి కథ విననివాళ్లు ఎవరూ లేరు. పెద్దింట్లో పనిపిల్లకు ఇలా జరిగితే మామూలుగా ఏం చేస్తారో కూడా అందరికీ తెలుసు. ఏదో సొమ్ము ఇచ్చి ఊరికి పంపేస్తారు, ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో ఎత్తరు. దేవత చేసిన పని ఆ పేరును మళ్లీ ఎత్తడం. చెడ్డవాడైన ధనికుణ్ని విలన్‌ను చేసి తిట్టడం సులువు. ఇక్కడ తప్పు చేసినవాడే హీరో. చూసేవాళ్లకు ఇష్టమైన మంచి ముఖం అతనిది. ఆ ముఖాన్ని ద్వేషించలేక, సమర్థించలేక హాల్లో కూర్చోవాలి. ఈ ఇబ్బందే సినిమా బలం.

తిరుపతిలో దీనికి పూర్తిగా వేరే జవాబు ఒకటుంది. మే నెలలో జరిగే గంగమ్మ జాతర. ఆ కథలో పాళెగాడు, అంటే అక్కడ పెత్తనం చేసే దొర, ఊళ్లో ఆడపిల్లల్ని బతకనివ్వడు. గంగమ్మ పుట్టి, వాణ్ని ఎదిరిస్తే భయపడి దాక్కుంటాడు. వాణ్ని బయటికి లాగడానికి అమ్మవారు రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వేషం చూసి, తనవంటి దొరే వచ్చాడనుకుని పాళెగాడు బయటికి వస్తాడు. తల తెగుతుంది. ఇప్పటికీ జాతరలో మగవాళ్లు ఈ వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. గంగమ్మ వేంకటేశ్వరుడి చెల్లెలని నమ్మకం, అందుకే కొండ మీద నుంచి అన్నగారి సారె ఆమెకు వస్తుంది.

అన్న ఎరుకలసాని వేషం కట్టింది ప్రేమ కోసం. చెల్లెలు తోటి వేషం, దొర వేషం కట్టింది దొర తల కోసం. ఒకే ఊళ్లో, ఒకే కుటుంబంలో రెండు కథలు. తెలుగు సినిమా మాత్రం అన్న కథనే పట్టుకుంది. లక్ష్మి గంగమ్మ కాలేదు. ఆమె కోపం కథలో నిలబడదు, కన్నీరు నిలబడుతుంది. బారిస్టరుకు శిక్ష పశ్చాత్తాపమే. సినిమా పేరు దేవత అని పెట్టి, ఆ దేవత చేతిలో కత్తి పెట్టకపోవడం ఊరికే జరిగింది కాదు. మద్రాసు స్టూడియోలో డబ్బు పెట్టేవాళ్లు, కథ రాసేవాళ్లు, ముందు వరసలో టికెట్టు కొనే వకీళ్లు, ఉద్యోగులు అందరూ వేణుగోపాలమూర్తికి దగ్గరివాళ్లు. జాతర కథ చెప్పుకున్నవాళ్లు లక్ష్మికి దగ్గరివాళ్లు. నేల టికెట్టు మీద కూర్చున్నవాళ్లలో ఎంతమంది లక్ష్మిని చూసి గంగమ్మను తలుచుకుని ఉంటారో.

మేడ, మెట్లు, మాట

తెలుగులో అంతస్తు అంటే మేడలో ఒక వరస, మనిషి హోదా కూడా. ఈ రెండర్థాల్నీ సెట్లు వేసేవాళ్లు బాగా వాడుకున్నారు. ధనికుడి ఇల్లంటే హాలు మధ్యలో మెట్లు ఉండాల్సిందే. పైనుంచి ఒకరు చూస్తారు, కింద ఒకరు నిలబడతారు. ఎవరూ నోరు విప్పకముందే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. హాల్లో ప్రేక్షకుల మధ్య కూడా అదే ఏర్పాటు. నేల, బెంచీ, కుర్చీ. తెర మీద గోడ పడిపోయిందని చప్పట్లు కొట్టిన జనం ఇంటర్వెల్లో తలో గేటు నుంచి బయటికి పోయేవాళ్లు.

మాట సంగతి ఇంకా ఆసక్తికరం. మాలపిల్లలో తాపీ ధర్మారావు వాడుకభాష రాశాకే తెర మీద మనుషులు ఇంట్లోలా మాట్లాడటం మొదలైంది. ప్రేమకథకు ఇది ప్రాణం లాంటిది. గ్రాంథికంలో ప్రేమ చెబితే అది పద్యం. వాడుకలో చెబితే ఎదుటి మనిషి జవాబు చెప్పాలి. కానీ ఏ వాడుక? కృష్ణా, గుంటూరు చదువుకున్న ఇళ్లలోది. మదనపల్లెలోనో, శ్రీకాళహస్తిలోనో కూర్చున్నవాళ్లకు అది పెద్దింటి మాటలా, పొరుగూరి మాటలా వినిపించి ఉంటుంది. ‘వస్తా ఉండా’ అనే హీరో తెర మీదికి రాలేదు, వచ్చినా పాలేరు వేషంలోనే. సీమ డబ్బుతో, సీమ దర్శకుడితో తీసినా అంతే.

ఇది చిత్తూరు ప్రాంతానికి కొంచెం అన్యాయమే. కార్వేటినగరం సంస్థానంలో సారంగపాణి వేణుగోపాలుడి మీద పదాలు రాసినప్పుడు ఇక్కడి ఆడవాళ్ల మాటే వాడాడు. పోట్లాట, వెటకారం, బతిమాలడం అన్నీ వీధిలో విన్నట్టే ఉంటాయి. శృంగారాన్ని కిందివాళ్ల నోట పలికించవచ్చని ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది. టాకీ దాన్ని అందుకోలేదు. అందుకుంటే పనిపిల్ల లక్ష్మి మాట్లాడే తీరు వేరుగా ఉండేది, ఆమె బారిస్టరుతో మాట్లాడే ప్రేమ కూడా.

ప్రేమను చూపించడంలో మరో అడ్డు నటీమణుల ఇళ్ల నుంచి వచ్చింది. 1939లో వరవిక్రయంతో భానుమతి తెరకు వచ్చినప్పుడు, హీరో తన కూతుర్ని ముట్టుకోకూడదని ఆమె తండ్రి షరతు పెట్టారు. సినిమాకు పంపినా పరువున్న కుటుంబం అనిపించుకోవాలి. అందుకే ఆ కాలం ప్రేమికులు చెట్టుకు అటొకరు ఇటొకరు నిలబడి పాడతారు. దీన్ని అమాయకత్వం అనుకునేవాళ్లున్నారు. అందులో అమాయకత్వం కంటే లెక్క ఎక్కువ.

అదే భానుమతి 1945 నాటి స్వర్గసీమలో లెక్కలన్నీ తారుమారు చేశారు. వీధిలో ఆటలాడే సుబ్బులును ఒక పత్రికా సంపాదకుడు చూస్తాడు, మురిసిపోతాడు, నాటకరంగానికి తెస్తాడు. సుబ్బులు సుజాతాదేవి అవుతుంది. సంపాదకుడు మళ్లీ నాగయ్యే. ఇంట్లో భార్యను, పిల్లల్ని వదిలేసి ఆమె చుట్టూ తిరుగుతాడు. ఆమె అతన్ని మెట్టులా వాడుకుని పైకి పోతుంది. శంపాలత నేర్చుకున్నట్టే సుబ్బులూ నేర్చుకుంది, అయితే ఎవరి దయా అడగలేదు. కథ ఆమెను తప్పుపడుతుంది, సంపాదకుణ్ని ఇంటికి చేరుస్తుంది. కానీ చూసినవాళ్లకు గుర్తున్నది ఇంటికి చేరిన సంపాదకుడు కాదు, పావురం పాట పాడిన సుజాతాదేవి. కింది నుంచి వచ్చిన ఆడది తన వేషాన్ని తానే కుట్టుకుని వేసుకోవడం తెలుగు తెర మీద అంత దర్జాగా అంతకుముందు కనబడలేదు.

మేనమామ కూతురు

కులం దాటడం కష్టం, వర్గం దాటడం కష్టం. రెంటిలో ఒకదాన్ని తప్పించే ఉపాయం తెలుగువాళ్ల ఇళ్లలోనే ఉంది. మేనరికం. బావామరదళ్లయితే కులం ప్రశ్న రాదు, వరస ప్రశ్న రాదు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినా ఎవరూ వేలెత్తి చూపరు. ఇక మిగిలేది డబ్బు ఒక్కటే. బి.ఎన్.రెడ్డి 1951లో మల్లీశ్వరితో చేసింది ఇదే. నాగరాజు, మల్లి సొంత బావామరదళ్లు. మల్లి తల్లి నాగమ్మకు మేనల్లుడి పేదరికం నచ్చదు. డబ్బు సంపాదించుకురమ్మంటుంది. కుర్రాడు శిల్పాలు చెక్కడానికి పోతాడు. ఈలోగా రాణివాసం పల్లకీ వచ్చి పిల్లను తీసుకుపోతుంది. రాయలవారు ఎంత మంచివాడైనా ఆ పల్లకీని వద్దనే దమ్ము ఎవరికీ లేదు. నాగమ్మకైతే అసలు వద్దనాలనే లేదు.

సీమ పల్లెల్లో ఇప్పటికీ మేనరికం తప్పిన ఇళ్లలో నాగమ్మ లాంటి అత్తల కథలు దొరుకుతాయి. కులమంతా ఒకటే, రక్తమంతా ఒకటే, అయినా ఎకరాలు తేడా. పెద్ద పోరాటాల గురించి తీసిన సినిమాల కంటే ఈ ఇంటి లెక్క చూపించిన సినిమా ఎక్కువ నిజం చెప్పింది.

అదే 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటరాముడు రాజుగారి కూతుర్ని ప్రేమిస్తే రాజు సూటిగా అడుగుతాడు, నాతో సమానంగా సంపద తెచ్చుకో అని. రాముడు మాంత్రికుడి వెంట పోతాడు. వరమిచ్చే బొమ్మ సంపాదించి, మేడ కట్టిస్తాడు. లాటరీ పోయి బొమ్మ వచ్చింది, అంతే. తోటమాలి కొడుకు దేవుడు కాడు, రాజకుమారుడు కూడా కాడు. వేషం లేకుండా అల్లుడైన పేదవాణ్ని చూసి నేల టికెట్టు ఊగిపోయింది.

1960లో పుల్లయ్య మళ్లీ నారాయణవనం కథకే వచ్చారు. ఈసారి ఎన్.టి.రామారావు, సావిత్రి. 1939లో పద్మావతిగా చెలికత్తెలతో తోటలో తిరిగిన శాంతకుమారి ఈసారి వకుళమాత. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత అదే ఆకాశరాజు కోటకు, ఇల్లూ వాకిలీ లేని కొడుక్కి పిల్లనడగడానికి ఆమే బయల్దేరింది.